భయమెరిగినవాళ్ల ధైర్యం

క్రీ.శ. 250 వేసవిలో ఈజిప్టు పల్లెల జనం ఒక ధ్రువపత్రం కోసం అధికారుల ముందు బారులు తీరారు. చిన్న పాపిరస్ ముక్క అది. పేరు, తండ్రి పేరు, ఊరు, కొన్నిటిలో వయసు, ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాయించాలి. ఎప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే వచ్చానని, ఇప్పుడు మీ కళ్లెదుటే అర్ఘ్యం పోసి బలిమాంసం రుచి చూశానని విన్నపం. కింద చూసినవాళ్ల సంతకం, తేదీ. రోమా చక్రవర్తి డేసియస్ ఆజ్ఞ అలాంటిది. ఆ పత్రాలు నలభైకి పైగా ఈజిప్టు ఇసుకలో చెడిపోకుండా మిగిలి, ఆధునిక కాలంలో బయటపడ్డాయి. వాటిలో ఒకటి మొసలి దేవుడి పూజారిణిది. ఆజ్ఞ అందరికీ వర్తించింది కానీ, దాని బరువు పడింది మాత్రం ఒక్క దేవుణ్నే కొలిచే క్రైస్తవుల మీద.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో అప్పుడు ఏం జరిగిందో అక్కడి బిషప్పు సిప్రియన్ మరుసటి ఏడాదే రాసిపెట్టాడు. చదివితే సంఘానికి తలవంపులు తెచ్చే వివరాలే ఎక్కువ. పిలవకముందే పరుగెత్తుకెళ్లి బలులు ఇచ్చిన విశ్వాసులున్నారు. పొద్దు గుంకింది, రేపు రమ్మని అధికారులే చెబితే, కాదు ఇప్పుడే కానివ్వమని బతిమాలుకున్నవాళ్లున్నారు. బలి ఇవ్వకుండా డబ్బిచ్చి పత్రం కొనుక్కున్న తెలివైనవాళ్లూ ఉన్నారు. ఇదంతా రాసిన సిప్రియన్ కూడా ఆ రోజుల్లో ఊళ్లో లేడు. అజ్ఞాతంలో ఉండి ఉత్తరాలతో సంఘాన్ని నడిపాడు. కాపరి మందను వదిలిపోయాడని రోమా సంఘ పెద్దలు ఎత్తిపొడిచారు కూడా.

హింస సద్దుమణిగాక అసలు తగువు మొదలైంది. భయపడి లొంగిపోయినవాళ్లు ఏడుస్తూ తిరిగి వచ్చారు. చెరసాలలో దెబ్బలు తిని నిలబడ్డవాళ్లు ఒకవైపు, వీళ్లు ఒకవైపు. రోమాలో నొవేషియన్ అనే పెద్ద తలుపు తెరవడానికి వీల్లేదన్నాడు. 251లో కార్తేజు సభ నడిమి దారి పట్టింది: పత్రం కొన్నవాళ్లను విచారించి చేర్చుకోవచ్చు, బలి ఇచ్చినవాళ్లకు మాత్రం మరణశయ్య మీదే క్షమాపణ. కొద్దికాలానికే మరో హింస రాబోతోందన్న భయం పట్టుకుంది. అప్పుడు సిప్రియన్, తోటి బిషప్పులు నియమాలు బిగిస్తారనుకుంటాం. వాళ్లు సడలించారు. పశ్చాత్తాపపడుతున్న అందరినీ వెంటనే ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చారు. ఆ సహవాసం లేకుండా బయట నిలబెడితే రేపటి పరీక్షకు వాళ్లకు బలం ఎక్కడిదన్నదే వాళ్ల వాదన. ధైర్యవంతులకు సంఘంలో చోటివ్వడం కాదు, చోటిచ్చి ధైర్యవంతుల్ని చేయడం. రెండు వేల ఏళ్ల క్రైస్తవ చరిత్రలో భయం గురించి ఇంత లోతుగా ఆలోచించిన నిర్ణయాలు అరుదు. ఒకసారి దాక్కున్న సిప్రియన్ రెండోసారి దాక్కోలేదు. 258 సెప్టెంబరు 14న తల నరికే భటుడికి ఇరవై అయిదు బంగారు నాణేలు ఇప్పించి మోకరించాడు.

ఈ నిర్ణయానికి పునాది సువార్తల్లోనే ఉంది. గెత్సేమనే తోటలో యేసు తీవ్రమైన మనోవేదనతో, ఈ గిన్నె తప్పించమని తండ్రిని వేడుకున్నట్టే రాశారు. పెద్ద శిష్యుడు పేతురు చలిమంట దగ్గర నిలబడి ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకిన సంగతిని నాలుగు సువార్తలూ దాచుకోలేదు. 203లో కార్తేజులోనే ప్రాణాలిచ్చిన పెర్పెతువా కూడా అంతే. చంటిపిల్ల తల్లి ఆమె. చెరసాల చీకటికి ఎంత బెదిరిపోయిందీ, బిడ్డ కోసం ఎంత అల్లాడిందీ తన మాటల్లోనే మిగిల్చి వెళ్లింది. హతసాక్షుల కథలను తరువాతి వాళ్లు చెక్కి నునుపు చేసి, వాళ్లకు అసలు భయమే తెలియదన్నట్టు రాశారు. తొలినాటి రాతలు అలా లేవు.

నాలుగో శతాబ్దంలో క్రైస్తవానికి రాజ్యం అండ దొరికింది. చక్రవర్తి భయం పోయి, నరకభయం పెరిగింది. మధ్యయుగం పొడవునా ఆ భయానిదే పెత్తనం. 1505 జూలైలో స్టోటెర్న్‌హైమ్ దగ్గర పిడుగుపాటుకు హడలిపోయి, బతికితే సన్యాసినవుతానని మొక్కుకున్న న్యాయశాస్త్ర విద్యార్థి మార్టిన్ లూథర్ ఆ కాలపు బిడ్డే. 1521 ఏప్రిల్ 17న వర్మ్స్ సభలో చక్రవర్తి ఎదుట నిలబెట్టి, చర్చిని విమర్శిస్తూ రాసినవి వెనక్కి తీసుకుంటావా అని అడిగితే అతను గర్జించలేదు. సరిగా వినపడని గొంతుతో కొంత గడువు అడిగాడు. లోకం గుర్తుపెట్టుకున్నది, వెనక్కి తీసుకోనన్న మరునాటి జవాబునే. 1527లో విటెన్‌బర్గ్‌లో ప్లేగు పడినప్పుడు లూథర్ ఊరు విడవలేదు. అయినా విడిచిపోయేవాళ్లను నిందించలేదు. బాధ్యత లేనివాళ్లు వెళ్లవచ్చు, కాపరులూ అధికారులూ ఉండాలి, మందు వేసుకోవాలి, ఇల్లు పొగ వేసుకోవాలి, పనిలేని చోటికి పోకూడదని రాశాడు. దేవుడున్నాడని జాగ్రత్త మానేస్తే అది విశ్వాసం కాదు, దేవుణ్ని శోధించడమని అతని లెక్క.

1736 జనవరి 25న అట్లాంటిక్‌లో తుఫాను. అమెరికాలోని జార్జియాకు పోతున్న సిమ్మండ్స్ ఓడ పెద్ద తెరచాప చీలిపోయి, నీళ్లు పైకి ఎగదన్నాయి. ఇంగ్లీషువాళ్లు కేకలు పెట్టారు. మొరేవియన్లనే జర్మన్ క్రైస్తవులు ఆరాధనలో ఉన్నారు, అందుకున్న కీర్తన ఆపలేదు. చావంటే తనకున్న భయం తెలిసిన యువ పాదిరి జాన్ వెస్లీ తరువాత వాళ్లలో ఒకరిని అడిగాడు, భయం వేయలేదా అని. లేదన్నాడు. ఆడవాళ్లకూ పిల్లలకూ? వాళ్లకూ లేదన్నాడు. ఆ జవాబు వెస్లీని రెండేళ్లు వెంటాడింది. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే వింటూ, రక్షణకు క్రీస్తును మాత్రమే నమ్ముకోగలనన్న నిశ్చయం తనకు కలిగిందని రాసుకున్నాడు.

మన నేల మీద ఈ కథకు మరో రూపం ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక గుట్టెక్కి అయిదుగురు మోకరించారు: అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఫలితం లేదని తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడుస్తున్న రోజులవి. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వాళ్లు వేడుకున్నారు. పన్నెండేళ్లకు, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ వచ్చాడు. ఆ ఏడాదే తోలు వ్యాపారి, అప్పటికే రాజయోగ సాధన చేసిన మాదిగ కులస్థుడు యర్రగుంట్ల పేరయ్య భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పుచ్చుకున్నాడు.

అక్కడ చక్రవర్తి లేడు, సింహాలు లేవు. ఉన్నది ఊరు. ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అని కొత్త విశ్వాసుల నియమాలు. చదవడానికి తేలికే. కానీ కోతల రోజుల్లో రైతు కబురంపితే ఆదివారమని రానన్నవాడికి గింజలు ఎవరు కొలుస్తారు? జాతరలో డప్పు కొట్టనన్నవాడి మీద అమ్మవారి కోపం, ఆమెకన్నా ముందు ఊరి పెద్దల కోపం. పని మాన్పించారు, నీళ్లకు అడ్డుపడ్డారు, కొట్టారు. ఇవన్నీ ఒంటరివాడు తట్టుకునే దెబ్బలు కావు. మాదిగవాడలు చుట్టరికాల వెంట, కుటుంబాలకు కుటుంబాలుగా కదలడానికి ఇదీ ఒక కారణం. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. విమర్శకులు సంఖ్య చూసి అనుమానించారు. ఆ సంఖ్యలోని ప్రతి మనిషీ తిరిగి అదే ఊరికి, అదే రైతు ముందుకు పోవాలన్న సంగతి మాత్రం వాళ్లకు పట్టలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో బెదిరింపు టెలిఫోన్‌లో వచ్చింది. 1956 జనవరి చివర్లో, మాంట్‌గమరీ నల్లవాళ్లు వర్ణవివక్షకు నిరసనగా చేపట్టిన బస్సుల బహిష్కరణ నడుస్తుండగా, ఒక రాత్రి పొద్దుపోయాక దాని నాయకుడు, పాదిరి మార్టిన్ లూథర్ కింగ్ ఇంట్లో ఫోను మోగింది. ఊరు వదలకపోతే చంపుతామన్నారు. కూతురికి ఇంకా మూడు నెలలు నిండలేదు. నిద్ర పట్టక లేచి, కాఫీ పెట్టుకుని వంటింటి బల్ల ముందు కూచున్నాడు. పిరికివాడిలా కనపడకుండా ఎలా తప్పుకోవాలా అని ఆలోచించానని తానే రాశాడు. తన బలం అయిపోయిందని పైకి అనేసి ప్రార్థించాక దేవుడు తోడున్నట్టు అనిపించిందన్నాడు. కొద్దిరోజులకే, జనవరి 30న, ఇంటి వసారాలో బాంబు పేలింది. భార్య, బిడ్డ ప్రాణాలతో బయటపడ్డారు. కోపంతో పోగైన జనాన్ని శాంతంగా ఇళ్లకు పొమ్మన్నాడు కింగ్. ఆ తరువాత కారులో తుపాకీ పెట్టుకోవడానికి లైసెన్సుకు దరఖాస్తు కూడా పెట్టాడు. అధికారులు ఇవ్వలేదు. భార్యతో మాట్లాడుకుని చివరికి ఇంట్లో ఉన్న ఒక్క ఆయుధాన్నీ వదిలించుకున్నాడు. ఇంటి చుట్టూ పెద్ద దీపాలు పెట్టించి, చేతిలో ఆయుధం లేని కాపలావాళ్లను పెట్టుకున్నాడు.