పక్కవాద్యం నడిమికి వచ్చిన ఏడాది

నెల్లిమర్ల నుంచి విజయనగరం వెళ్ళి కోట చుట్టుపక్కల తిరగనివాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో ఉండరు. అక్కడి మహారాజా సంగీత కళాశాల పేరు చెప్పగానే మనకు ఘంటసాల, పి.సుశీల గుర్తొస్తారు. న్యాయమే. కానీ ఆ కళాశాల చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒక కచేరీ. అది మన ఊళ్ళ వైపు జరిగింది కాదు, 1938లో వెల్లూరులో జరిగింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాటగాడు ఎవరూ లేకుండా, తానే ప్రధాన కళాకారుడిగా వయొలిన్ వాయించిన మొదటి సోలో కచేరీ అది.

ఇందులో విశేషమేమిటని నేటి పిల్లలు అడగవచ్చు. ఫిడేలు మన సంగీతంలోకి పడమటి నుంచి వచ్చి పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. అయితే దాని చోటు గాయకుడి పక్కన. ఆయన పాడిన సంగతిని వెంటనే అందుకోవాలి, ఆయన ఊపిరి తీసుకునే చోట ఖాళీ నింపాలి, తన వంతు ఆలాపన ముగించి మళ్ళీ తగ్గాలి. ఒంటరిగా కూర్చుంటే పట్టుకోవడానికి ముందు గొంతు ఉండదు. పైగా సాహిత్యం వినిపించదు. మాటలు లేకుండానే కృతి ఇదని శ్రోతకు తెలియాలి. పక్కవాద్యం బాగా వాయించగలగడం, కచేరీ అంతా తానే మోయగలగడం రెండూ వేర్వేరు పనులు.

నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు బాగా మందం. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర నేర్చుకున్నారు. 1919లో విజయరామ గజపతి మహారాజు కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాలుగా నియమించారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ఈ కుర్రవాణ్ణి విని, ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారని మన వైపు చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్ళు. 1936లో ప్రిన్సిపాలయ్యారు. అంటే వెల్లూరు కచేరీ నాటికి ఆయన వెనుక పంతొమ్మిదేళ్ళ పాఠాలున్నాయి. రోజూ పిల్లల ముందు ఒంటరిగా వాయించి చూపించే మనిషికి వేదిక మీద ఒంటరితనం కొత్త కాదేమో అని నా ఊహ.

అదే ఏడాది జనవరి 16న న్యూయార్కు కార్నెగీ హాలులో బెన్నీ గుడ్‌మన్ బృందం జాజ్ కచేరీ చేసింది. దీనికీ దానికీ సంబంధం లేదు. ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్న రోజుల్లో ఒక సహోద్యోగి వినిపించిన రికార్డు వల్ల నాకు రెండూ కలిసి గుర్తుండిపోయాయి. స్వింగ్ అంటే అప్పట్లో జనం లేచి నాట్యం చేసే సంగీతం. సింఫనీలు వినే హాలులో కుర్చీల్లో కూర్చుని దాన్ని వినడమే పెద్ద వార్త. నల్లవారైన టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ తెల్లవారి సరసన అదే వేదిక మీద వాయించారు. ఆ దేశంలో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఇక చివర్లో, డ్రమ్ముల హోరు తగ్గాక, జెస్ స్టేసీ అనే పియానో వాద్యకారుడికి అనుకోకుండా వంతు వచ్చింది. ఎప్పుడూ వెనకే ఉండే మనిషి. మెల్లగా, దాదాపు ప్రార్థనలా వాయించిన ఆ రెండు నిమిషాలే ఇవాళ్టికీ జనం వెతుక్కుని వింటున్నారు. వేదిక పైన మైకు వేలాడదీసి ఆ రాత్రిని డిస్కుల మీదికి ఎక్కించారు. అవి గుడ్‌మన్ ఇంట్లో పడి ఉండి, 1950లో గానీ బయటికి రాలేదు.

నాయుడు గారికి 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు దక్కింది. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాద్యం విని మెచ్చుకున్నారు. వయొలిన్ పుట్టిన లోకం నుంచి వచ్చినవాడి మెప్పు అది. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1964లో కన్నుమూశారు. బిరుదులన్నిటికన్నా 'ఫిడేలు నాయుడు' అన్న జనం పిలుపే నాకు ఇష్టం.

ఆయన గ్రామఫోను రికార్డులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. పాత డిస్కు ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు కనుక రాగం తొందరగా ముగుస్తుంది, గీరుడు శబ్దం కూడా ఉంటుంది. అయినా చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని, కమాను ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు తిరిగే చోటు ఎక్కడో పట్టుకోండి. ప్రకంపనలు కొలవడమే వృత్తిగా బతికిన నాకు అది ఇంతవరకూ దొరకలేదు.