ఉపకార వేతనం ఎవరి చేతికి?

స్కాలర్‌షిప్పును మనం 'ఉపకార వేతనం' అంటున్నాం. ఈ మాటలో రెండు విరుద్ధ భావాలు ఇమిడి ఉన్నాయి. వేతనం అడిగి తీసుకోదగిన హక్కు. ఉపకారం దాత దయ. పొందినవాడు చేతులు కట్టుకుని నిలబడాలి. పేదల పిల్లలు విశ్వవిద్యాలయం గడప తొక్కడానికి కావలసిన డబ్బు ఎవరిచ్చారు, ఎవరి చేతికిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు అని తెలంగాణ చరిత్రను ప్రశ్నిస్తే, ఈ రెండు భావాల మధ్య నూరేళ్లుగా సాగుతున్న ఘర్షణ కనిపిస్తుంది. చొప్పదండి ప్రాంతం వాడిగా, ఇక్కడి బతుకులను కళ్ల ముందు పెట్టుకుని ఆ ఘర్షణను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ప్రభువు దయ, కులం చందా

నిజాం రాజ్యంలో ఉన్నత విద్య మొదట ప్రభువు అనుగ్రహం. 1895లో సరోజినీ నాయుడు పదహారేళ్ల వయసులో ఆరవ నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్లింది. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ హైదరాబాదులో పేరున్న విద్యావేత్త. ఆమె ప్రతిభను ఎవరూ కాదనరు. అయితే ప్రతిభ ప్రభువు కంట పడాలంటే ప్రభువుకు దగ్గరగా ఉండాలి. కరీంనగర్ జిల్లా పల్లెలో పసుల కాసే పిల్లవాడికి ఆ దారి లేదు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. దేశభాషలో ఉన్నత విద్య బోధించవచ్చునని నిరూపించిన ఘనత దానిది. కాని ఆ భాష ఉర్దూ. తెలుగు తప్ప మరొకటి ఎరుగని రైతు బిడ్డకు అది కూడా ఒక ఫీజే అయింది. అదే సంవత్సరం హైదరాబాదులో రెడ్డి హాస్టలు ఏర్పడింది. కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో, సంపన్నుల చందాలతో అది నిలిచింది. తరువాత ఇతర కులాల హాస్టళ్లు వచ్చాయి. కులం చందాతో నడిచిన ఈ వసతి గృహాలు తెలంగాణ తొలి తరం విద్యావంతులను తయారు చేశాయన్నది కాదనలేని సత్యం. రెడ్డి హాస్టలు వాతావరణంలో పెరిగిన రావి నారాయణరెడ్డి దొరతనానికి వ్యతిరేకంగా నిలిచారు. కాని చందా పోగు చేయగల స్థోమత లేని కులాలు, భూమి లేని కులాలు ఈ ఏర్పాటుకు వెలుపలే ఉండిపోయాయి.

దాత దయకు మరొక లక్షణం ఉంది. ఇచ్చినవాడు ఎప్పుడైనా లాక్కోగలడు. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను హాస్టళ్ల నుంచి, కళాశాలల నుంచి బహిష్కరించినప్పుడు ఈ సంగతి రుజువైంది. వసతి పోతే చదువు పోయినట్లే. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అప్పటి మన కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. నాగపూర్ వరకు వెళ్లి నిలదొక్కుకోవడానికి ఇంటి వద్ద కొంత ఆధారం ఉండాలి. ఆ ఆధారం లేనివారి పేర్లు చరిత్ర పుటలకు ఎక్కలేదు.

2. హక్కు రూపం దిద్దుకున్న వేళ

ఈ ఉపకార భావానికి తొలి గట్టి దెబ్బ 1944లో తగిలింది. అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న ఆ కాలంలో, మెట్రిక్ దాటిన షెడ్యూల్డు కులాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు ఆరంభమయ్యాయి. 1948లో గిరిజనులకు విస్తరించాయి. అంబేద్కర్ స్వయంగా 1913లో బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన సహాయంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లినవాడు. ఆ సహాయానికి ప్రతిగా బరోడా కొలువు చేయాలన్న షరతు, ఆ కొలువులో ఎదురైన కుల అవమానం ఆయనకు స్వానుభవం. రాజు దయ మీద నడిచిన చదువు, రాజ్యం బాధ్యతగా మారవలసిన అవసరం ఆయనకంటే ఎవరికి తెలుసు?

1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక వెలువడిన తరువాత వెనుకబడిన తరగతులకూ ఈ దారి క్రమంగా తెరుచుకుంది. ఫీజులు తక్కువగా ఉన్న ప్రభుత్వ కళాశాల, సాంఘిక సంక్షేమ హాస్టలు, నెలనెలా కొద్దిపాటి స్కాలర్‌షిప్పు: ఈ మూడింటి కలయికతో మా ప్రాంతంలో మొదటి తరం పట్టభద్రులు తయారయ్యారు. హాస్టల్లో పురుగుల అన్నం ఉండేది, స్కాలర్‌షిప్పు ఆలస్యంగా వచ్చేది. అయినా చదువు ఆగేది కాదు. ఎందుకంటే ప్రభుత్వ కళాశాల విద్యార్థిని తాకట్టు పెట్టుకోలేదు.

3. అప్పు

1963లో కేంద్రం జాతీయ రుణ స్కాలర్‌షిప్పు పథకం పెట్టింది. వడ్డీ లేని అప్పు. చదివినవాడు ఉపాధ్యాయుడైతే, పనిచేసిన ప్రతి సంవత్సరానికి అప్పులో పదో వంతు రద్దు. చదువుకున్నవాడి సేవే తిరిగి చెల్లింపు అనే గొప్ప భావన అందులో ఉంది. వసూళ్లు సరిగా లేవని 1991లో దానిని ఆపివేశారు. ఆ సంవత్సరం దేశ ఆర్థిక విధానం ఏ మలుపు తిరిగిందో పాఠకులకు చెప్పనక్కరలేదు. రెండేళ్లకు జస్టిస్ పున్నయ్య కమిటీ, విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో ఐదేళ్లలో 15 శాతం, పదేళ్లలో 25 శాతం సొంతంగా సంపాదించుకోవాలని సూచించింది. విశ్వవిద్యాలయానికి విద్యార్థి తప్ప మరో సంపాదన ఏముంటుంది?

2001లో బ్యాంకుల విద్యారుణ పథకం వచ్చింది. నాలుగు లక్షల దాకా హామీ అక్కరలేదన్నారు గాని తండ్రి సంతకం తప్పనిసరి. కొడుకు చదువు తండ్రి పేర అప్పయింది. మన తెలంగాణ పల్లెలకు ఇది కొత్త కాదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతగాడైన భగేలా పద్ధతి మనకు తెలుసు. బ్యాంకు దొర గడీ కాదు, చట్టం ఉంది, 2009 నుంచి పేద కుటుంబాలకు చదివే కాలపు వడ్డీ రాయితీ ఉంది. రెండూ ఒకటే అనడం అతిశయోక్తి అవుతుంది. కాని ఉద్యోగం దొరకని పట్టభద్రుని ఇంట్లో నోటీసు పట్టుకున్న తండ్రి ముఖం చూస్తే, పోలిక అప్రయత్నంగా మనసులో మెదులుతుంది.

4. బీడీ ఆకు, గల్ఫ్ వీసా

పథకాల చరిత్ర రాసేవారు మరచిపోయే అధ్యాయం ఒకటుంది. మా ప్రాంతంలో ఫీజు కట్టిన అసలు చేతులు బీడీలు చుట్టిన తల్లులవి, దుబాయి, మస్కట్ ఎండల్లో మాడిన తండ్రులవి. 1976లో చేసిన చట్టం ప్రకారం బీడీల మీద సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ నిధి ఏర్పరచారు. వారి పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఆ నిధి నుంచే వచ్చాయి. తల్లి చుట్టిన బీడీ మీది పన్నే బిడ్డ పుస్తకాలకు తిరిగి రావడం, ఉపకారం ఛాయ లేని వేతనం. 2017లో జీఎస్టీతో ఆ సెస్సు రద్దయింది. స్కాలర్‌షిప్పు సాగుతున్నా, నిధికీ శ్రమకూ ఉన్న ఆ బంధం తెగింది.

5. ఎవరి ఖాతాకు?

1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల్లో సగం సీట్లు ఉచితమనీ, సగం చెల్లింపు సీట్లనీ విభజించింది. 2002లో అదే కోర్టు ఆ ఏర్పాటును తోసిపుచ్చింది. ఈలోగా ఇంజనీరింగ్ కళాశాలలు వానకు పుట్టగొడుగుల్లా లేచాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తృత రూపం దాల్చింది. రిక్షా కార్మికుని బిడ్డ ఇంజనీరయ్యే అవకాశం కలిగింది. దీనిని తక్కువ చేసి చూడటం అన్యాయం.

కాని ఆ పేరును ఒకసారి పరిశీలించండి. రీయింబర్స్‌మెంట్ అంటే ముందు ఒకరు చెల్లించాక తిరిగి ఇవ్వడం. ముందు చెల్లించే శక్తి ఉంటే పథకమే అక్కరలేదు. పాత స్కాలర్‌షిప్పు విద్యార్థి చేతికి వచ్చేది. ఈ ఫీజు కళాశాల ఖాతాకు వెళుతుంది. లబ్ధిదారు పేరు విద్యార్థిది, లబ్ధి యాజమాన్యానిది. సొమ్ము ఆలస్యమైతే మాత్రం భారం మళ్లీ విద్యార్థిదే. 2012 నుంచి పదివేల ర్యాంకు దాటిన వెనుకబడిన తరగతుల వారికి 35 వేల రూపాయల పరిమితి పెట్టారు. మిగతాది తండ్రి నెత్తిన పడింది. తెలంగాణ వచ్చాక 1956 స్థానికత షరతుతో 'ఫాస్ట్' అన్నారు, 2015లో విరమించారు. బకాయిలు వేల కోట్లకు పెరిగాయి. 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూశాయి.

మా బంధువుల అమ్మాయికి పీజీ సీటు వచ్చింది. కళాశాల పేరు అనవసరం. రెండేళ్ల బకాయి కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. తల్లి పుస్తెలతాడు కుదువ పెట్టి కట్టింది. తరువాత ప్రభుత్వ సొమ్ము కళాశాలకు చేరింది, తల్లికి చేరలేదు. వెళ్లి అడిగితే 'చూస్తాం' అన్నారు. ఒకే ఫీజు రెండుసార్లు వసూలైంది. ఇలాంటి ఇళ్లు మా చొప్పదండి చుట్టుపక్కల ఎన్నో.

డబ్బు కుటుంబం చేతికిస్తే వేరే అవసరాలకు ఖర్చవుతుందని యాజమాన్యాలు వాదిస్తాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెడితే కళాశాలలు కోర్టుకెక్కాయి. పేద తల్లి మీద ఈ అపనమ్మకం ఎక్కడిది? బీడీలు చుట్టి, తాళి కుదువ పెట్టి ఫీజు కట్టిన చేతుల మీదనా?

చొప్పదండిలోనే నవోదయ విద్యాలయం ఉంది. ఆరు నుంచి పన్నెండు తరగతుల వరకు చదువు, తిండి, వసతి ప్రభుత్వమే భరిస్తుంది. అక్కడ రీయింబర్స్‌మెంట్ అనే మాట ఎవరికీ అక్కరలేదు. పన్నెండు వరకు సాధ్యమైనది పదమూడో ఏట ఎందుకు అసాధ్యమవుతుంది? 2008లో కరీంనగర్‌కు శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చింది. శాశ్వత అధ్యాపకుల కొరతతోనే రోజులు నెట్టుకొచ్చింది. ప్రైవేటు ఖాతాలకు పోసిన సొమ్ములో కొంత ఇటు మళ్లించి ఉంటే చరిత్ర మరోలా ఉండేది. ఇంగ్లండు 1962 చట్టంతో విద్యార్థులకు గ్రాంటులిచ్చి, 1998లో ఫీజుల దారి పట్టింది. జర్మనీ రాష్ట్రాలు ఫీజులు పెట్టి చూసి, 2014 నాటికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో రద్దు చేశాయి. కనుక ఇది తిరుగులేని ఆర్థిక సూత్రం కాదు, రాజకీయ నిర్ణయం.

ఒక పథకాన్ని బడ్జెట్ అంకెతో కొలవడం చాలదు. సొమ్ము ఎవరి చేతికి చేరుతుంది, ఆలస్యమైతే నష్టం ఎవరు మోస్తారు అన్న రెండు ప్రశ్నలతో కొలవాలి. ఆలస్యం ప్రభుత్వానిదైతే వడ్డీ ప్రభుత్వమే భరించాలి. బకాయి కారణంగా సర్టిఫికెట్ ఆపడం శిక్షార్హం కావాలి. ప్రభుత్వ కళాశాలల్లో ఖాళీలు నింపాలి. విద్యార్థి సంఘాలు, రచయితలు ఈ మూడు కోరికల వెనుక నిలబడిన నాడే ఆ పాత మాటలో నుంచి 'ఉపకారం' తొలగి, వేతనం మిగులుతుంది.