కోక్ బొగ్గు, దాని కడుపులోని శూన్యము

1709వ సంవత్సరపు జనవరిలో, ఇంగ్లండునందలి ష్రాప్‌షైర్ మండలమున సెవర్న్ నదికి చేరువనున్న కోల్‌బ్రూక్‌డేల్ లోయలో, శిథిలమైపోయిన ఒక పాత కొలిమిని అంతకు ముందటి యేడు కౌలునకు గైకొని బాగుచేయించిన అబ్రహాం డార్బీ, కట్టెబొగ్గునకు బదులు కోక్‌ను నింపి ఇనుమును కరగించెను. అంతకు పూర్వమే డడ్ డడ్లీ యనునాతడు రాతిబొగ్గుతో ఈ కార్యమును సాధించితినని 1665లో గ్రంథము ప్రకటించెను గాని, నిలిచి సాగినది డార్బీ మార్గమే. యౌవనమున ఇతడు బర్మింగ్‌హాంలో మాల్టు మరలు చేయువాని యొద్ద పని నేర్చినవాడు. మొలకెత్తిన బార్లీని రాతిబొగ్గు మంటపై ఆరబెట్టినచో గంధకపు పొగ సోకి రుచి చెడును గనుక, మాల్టు తయారుచేయువారు బొగ్గును ముందుగా కాల్చి, పొగను వెడలగొట్టి, మిగిలిన కోక్‌నే వాడుచుండిరి. బీరు కాచువారి సాధనము ఇనుము కరగించువారికి సంక్రమించిన తీరిది.

అదివరకు లోకమున చాల చోట్ల ఇనుము కట్టెబొగ్గు పైననే ఆధారపడియుండెను. మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున దేశాంతరముల వర్తకులు వెదకుకొని వచ్చిన ఉక్కును చేసినవారికిని అదియే ఆధారము. కట్టెబొగ్గు నిర్మలమైనది, గంధకము లేనిది, కాని దుర్బలమైనది. చెట్టు బ్రతికియున్నపుడు నీటిని మోసిన సన్నని నాళములే దానిలో రంధ్రములై మిగులును; వాటి నడిమి గోడలు మిక్కిలి పలుచన. కొలిమిని ఎత్తుగా కట్టినచో పైనున్న ముడిఖనిజపు బరువునకు అడుగునున్న బొగ్గు నలిగి పొడియై, గాలి పోవు త్రోవ మూసికొనిపోవును. కావున కొలుములు పొట్టిగానే యుండెను. అడవులు తరిగిపోవుటను గూర్చి చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. బొగ్గు నలుగుటను గూర్చి వ్రాసినవారు అరుదు. ఇంధనము కొరత మాత్రమే కాదు, దాని అంతర్నిర్మాణము కూడ ఇనుప పరిశ్రమకు హద్దు గీసియుండెనని నా విశ్వాసము.

కోక్‌లోని రంధ్రములు వృక్షమునుండి సంక్రమించినవి కావు, అగ్నిలో పుట్టినవి. తగిన జాతి రాతిబొగ్గును గాలి సోకకుండ కాల్చినపుడు సుమారు 350 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అది మెత్తబడనారంభించి, 500 డిగ్రీల సమీపమున మరల గట్టిపడును. ఆ నడిమి వేళ లోపల పుట్టిన వాయువులు వెలికి రాలేక బుడగలై ఉబ్బును. పులిసిన పిండి ఉడికి ఇడ్లీ యగునపుడు బుడగల గుర్తులు లోపల నిలిచిపోవునట్లే, ముద్ద గట్టిపడగనే ఆ బుడగలు రంధ్రములై నిలిచిపోవును. పిదప వేడి వెయ్యి డిగ్రీలకు పెరుగుచుండగా ఆ గట్టి పదార్థము కుంచించుకొని పగుళ్లు దీయును. ఇట్లు తయారైన కోక్‌లో ఇంచుమించు సగము శూన్యమే. అయినను 30 మీటర్ల ఎత్తుగల నేటి కొలుములలో, ఖనిజము మెత్తబడి కరగిపోవు చోటను కరగక నిలిచి, బరువును మోయుచు, వాయువునకు దారి యిచ్చునది ఇదియొక్కటే.

ఈ శూన్యమును కొలుచు విద్య మాత్రము చాల ఆలస్యముగా వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున తేనెపట్టు ఆకారపు ఇటుక గూళ్లలో కోక్‌ను కాల్చు కాలమున, అమెరికాలోని కానెల్స్‌విల్ ప్రాంతపు పనివారు ఊదుకొలిమి కొరకు 48 గంటలు, పోత పనివారి కొరకు 72 గంటలు కాల్చెడివారు. కొనువారు వెండివంటి మెరుపును కన్నులతో జూచి, మ్రోగు ధ్వనిని చెవులతో విని వెల కట్టెడివారు. తారును, అమ్మోనియాను వృథాపుచ్చక పట్టుకొను ఇరుకు గదుల ఓవెన్లు వచ్చినపుడు, వాటి కోక్ నల్లగా నున్నదని ఇంగ్లండులోని ఇనుప యజమానులు బహుకాలము దానిని నమ్మరైరి. మెరుపునకును బలమునకును సంబంధము లేదని తేలుటకు కొలత కావలసివచ్చెను.

ఆ కొలతలలో ప్రసిద్ధమైన దొకటి రాజకీయ కలహమునుండి పేరు పొందెను. 1923లో ఫ్రాన్సు, బెల్జియం సేనలు జర్మనీలోని రూర్ ప్రాంతమును ఆక్రమించి, అచటి గనులపైన, కర్మాగారములపైన నియమించిన తనిఖీ సంఘపు పేరులోని తొలి అక్షరములే మైకమ్ అను మాటయైనవి. మీటరు వ్యాసము గల డ్రమ్ములో కోక్‌ను వేసి నూరు మార్లు త్రిప్పుదురు. 40 మిల్లీమీటర్లకు మించిన ముక్కలు ఎంత మిగిలెను, 10 మిల్లీమీటర్లకు లోబడిన పొడి ఎంత పుట్టెను అని తూచుదురు. మొదటి సంఖ్య ముఖ్యముగా పెద్ద పగుళ్ల సంగతి చెప్పును. రెండవది రంధ్రముల గోడలు ఎట్టివో చెప్పును.

అయితే రెండు కోక్‌లలో శూన్యము సమానమైనను ఒకటి గట్టిగాను, ఒకటి పెళుసుగాను ఉండుటేల? గాజు విరుగుటను గూర్చి గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు 1921లో ప్రకటించిన సిద్ధాంతము దీనికి దారి చూపినది. పెళుసు పదార్థపు బలమును నిర్ణయించునది దానిలోని మిక్కిలి హానికరమైన పగులు. ఆ దృష్టితో ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయమున ప్యాట్రిక్ అను పరిశోధకుడు, ఆయన సహచరులు కోక్ ముక్కలను నునుపుగా సానబట్టి, సూక్ష్మదర్శిని క్రింద రంధ్రముల పరిమాణమును, ఆకారమును, గోడల మందమును కొలిచి బలముతో పోల్చిరి. గుండ్రని చిన్న రంధ్రములు, వాటి నడుమ మందమైన గోడలు ఉన్నచో కోక్ ఓర్చుకొనును. బుడగలు ఒకదానితో నొకటి కలిసిపోయి వంకరటింకరగా సాగినచో, లేక బొగ్గు రేణువులు చాలినంత ఉబ్బక ఒకదాని నొకటి అంటుకొననిచో, ఆ చోటులే పగుళ్లకు బీజములగును. జపాను శాస్త్రజ్ఞులు పిమ్మట ఈ వంకర రంధ్రములనే ప్రత్యేకించి లెక్కించిరి. నా దృష్టిలో కోక్ చరిత్రలో డార్బీ కార్యమునకు తరువాత ఎన్నదగినది రంధ్రముల ఆకారమును గూర్చిన ఈ పరిశీలనయే.

చల్లని కోక్ బలము వేరు, కొలిమిలోని బలము వేరు అని 1970 దశకారంభమున జపానువారే నిరూపించిరి. మండుచున్న కొలుములను చల్లార్చి, పొరపొరగా త్రవ్వి చూచి, బొగ్గుపులుసు వాయువు రంధ్రముల లోపలికి జొరబడి గోడలను తినివేయునని గ్రహించి, 1100 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆ వాయువును సోకించి పిదప డ్రమ్ములో త్రిప్పి చూచు పరీక్షను ఏర్పరచిరి. నేడు కోక్ అమ్మకపు ఒప్పందములలో ఆ పరీక్ష తేల్చిన సంఖ్య సాధారణముగా కనబడును.

మన విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారము ఈ కథలో చేరినది 1990 ప్రాంతమున. 7 మీటర్ల ఎత్తు గల కోక్ ఓవెన్లను దేశమున మొదట నిర్మించినది ఇదియే. ఎర్రగా కాలిన కోక్‌పై నీరు గ్రుమ్మరించినచో ఆకస్మికమైన చలికి గోడలు సన్నగా చిట్లును గనుక, ఇచట నత్రజని వాయువుతో మెల్లగా చల్లార్చు పద్ధతిని అవలంబించిరి. ఆ వేడితో విద్యుత్తును కూడ తీయుదురు. అయితే సింగరేణి బొగ్గునకు కాలునపుడు మెత్తబడి ముద్దగట్టు గుణము చాలినంత లేదు. అందువలన గోదావరి తీరమున అంతటి బొగ్గు నిధి యున్నను, గోదావరి యని పేరు పెట్టిన విశాఖ కొలిమికి కావలసిన, కోక్ చేయుటకు తగిన బొగ్గులో అధికభాగము ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలలో వచ్చుచున్నది.