ఇరుసు మీద వెంట్రుకవాసి

టార్చి మీకిచ్చారు. పట్టుకుని కింద కూర్చోండి. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో జూన్ నెల ఎండ ఎనిమిదింటికే మొదలైంది కానీ గరాజ్ కాంక్రీటు ఇంకా చల్లగానే ఉంది. ఎదురుగా 1969 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. ఎడమ ముందు చక్రం నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున గాల్లో ఉంది. కింద జాకీతో పాటు స్టాండు కూడా పెట్టారు, వెనక చక్రాలకి అడ్డంగా దుంగలున్నాయి. ఆ దుంగలు పడేదాకా పెద్దాయన బండి దగ్గరికి రానివ్వలేదు, కొడుకుని కూడా.

పెద్దాయన విజయవాడ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గర ఆరు నెలలుండి పోదామని వచ్చారు. ఇక్కడికొచ్చిన అమ్మానాన్నలందరిలాగే ఆయనకీ పొద్దుపోవడం లేదు. కొడుకు ముచ్చటపడి కొనుక్కున్న ఈ పాత బండి యాభై మైళ్ళ వేగం దాటితే అటూ ఇటూ జారుతోందని తెలిసిన రోజు నుంచీ మాత్రం మనిషి హుషారుగా ఉన్నారు.

చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపారు. టక్. మళ్ళీ ఊపితే మళ్ళీ టక్. మీరూ ఒకసారి పట్టుకోండి. అరచేతికి తగిలే ఆ చిన్న దెబ్బనే షెడ్డుల్లో ఆట అంటారు.

"ఒరేయ్, ఎక్కి బ్రేకు తొక్కి పట్టుకో."

కొడుకు తొక్కాడు. ఇప్పుడు ఊపితే చప్పుడు లేదు. వదిలేయమన్నారు, మళ్ళీ టక్.

"బేరింగే బాబూ. బాల్ జాయింటైతే బ్రేకు తొక్కినా కొట్టుకుంటూనే ఉండేది."

బ్రేకు తొక్కితే షూలు డ్రమ్ముని పట్టేస్తాయి. డ్రమ్ము, దాని వెనక ప్లేటు ఒకటైపోయి మధ్యలో బేరింగ్‌లో ఉన్న ఆట కనపడకుండా పోతుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చెయ్యకుండానే బాల్ జాయింట్లు మార్పించుకున్న వాళ్ళు బోలెడుమంది ఉంటారు.

చక్రం బోల్టులు నాలుగూ బండి నేల మీదున్నప్పుడే వదులు చేసి పెట్టారు కాబట్టి చేత్తోనే వచ్చేశాయి. చక్రం పక్కన పెట్టాక డ్రమ్ము మధ్యలో చిన్న గ్రీజు కప్పు, దాని నడుమ నలుచదరపు తీగ కొస కనిపిస్తున్నాయి చూడండి. స్పీడోమీటర్ కేబుల్ అది. ఇరుసుకి తొలిచిన బెజ్జంలోంచి వచ్చి ఈ కప్పుకి తగులుకుంటుంది. చక్రంతో పాటు కప్పు తిరిగితే తీగ తిరుగుతుంది, అక్కడ డాష్‌బోర్డులో ముల్లు లేస్తుంది. పెద్దాయన దీన్ని చూసి ముచ్చటపడ్డారు. "ఇంత చవగ్గా ఎలా ఆలోచించారురా!" అన్నారు. క్లిప్పు తీసి, కప్పుని సుత్తితో చుట్టూతా చిన్నగా తట్టి ఊడబెరికారు.

లోపల నట్టు. దాన్ని బిగించి పట్టే అలెన్ స్క్రూ వదులు చేసి, కొడుకు పానా వేసి అలవాటు చొప్పున ఎడమకి తిప్పబోయాడు.

"ఆగాగు. ఎడమ చక్రానిది ఎడమ మరరా. కుడికి తిప్పితే వదులవుతుంది."

బండి ముందుకు పోతుంటే ఈ చక్రం తిరిగే వైపు నట్టుని విప్పే వైపు కాకూడదని అలా పెట్టారు. కుడి చక్రానికి మామూలు మరే.

డ్రమ్ము బయటికొచ్చింది. లోపలి దుమ్ము ఊదకండి, కంప్రెసర్ గాలి అసలే పెట్టకండి. ఆ కాలపు బ్రేకు షూల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టేస్తున్నారు. డిపోలో ఈ జాగ్రత్త ఎవరూ చెప్పలేదని పెద్దాయన ఎవరితోనో అన్నట్టు అన్నారు.

బేరింగ్‌ని మినరల్ స్పిరిట్స్‌లో కడిగారు. టార్చి కాస్త దగ్గరికి తీసుకురండి. రోలర్లు నిటారుగా లేవు, ఏటవాలుగా కూర్చున్నాయి, ఒక కొస సన్నం, ఒక కొస లావు. ఈ వాలే దీని పనితనమంతా. బండి బరువు పైనుంచి పడుతుంది, మలుపులో పక్కనుంచి తోపు వస్తుంది. రెండింటినీ ఒకే రోలరు మోస్తుంది. అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంట్ తీసుకున్నది ఇలాంటి బేరింగ్‌కే. బీటిల్ ముందు చక్రాల్లో మొదట బాల్ బేరింగులే ఉండేవి, 1966 మోడల్ నుంచి ఇవి వచ్చాయి. దీని ఆటని మనమే పెట్టుకోవాలి. నట్టు బిగిస్తే రోలర్లు వాటి చుట్టూ ఉండే బేరింగ్ కప్పులోకి దిగుతాయి, వదిలితే వెనక్కి వస్తాయి.

"ఇటు చూడండి," అంటూ పెద్దాయన రోలర్లని వెలుగుకి పెట్టారు. వాటి మీద లేత నీలం. కప్పు లోపలి గోడ మీద గోరుతో గీశారు, ఒకచోట గోరు తగిలి ఆగింది. "నీలం వచ్చిందంటే కాగిందన్నమాట. వదులైతే ఇలా కాగదు. ముందెవడో బండి ఊగుతోందని గట్టిగా బిగించేశాడు. అది కాగి, అరిగి, ఇదిగో ఇంత వదులైంది."

ఇక నట్టు సరిచేసి ఊరుకుంటే లాభం లేదు. కొత్త సెట్టు తెప్పించే ఉంచారు. కప్పుని, రోలర్లున్న కోన్‌ని జంటగానే మార్చాలి, పాతదానికి కొత్తది కలిపితే నాలుగు రోజులు ఆగదు. పాత కప్పుల్ని వెనక నుంచి ఇత్తడి కడ్డీతో అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేసి దించారు. కొత్తవాటిని కూర్చోబెట్టేటప్పుడు చప్పుడు వినండి. ముందు బోలుగా మోగుతుంది. కప్పు అడుగంటగానే మోత గట్టిపడుతుంది. అక్కడ సుత్తి ఆగిపోయింది.

గ్రీజు పట్టించడం మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఎడమ అరచేతిలో వెన్నముద్దంత లిథియం గ్రీజు పెట్టుకుని, బేరింగ్ లావు కొసని దాని అంచుకేసి కోస్తున్నట్టు నొక్కుతున్నారు. నొక్కి, కాస్త తిప్పి, మళ్ళీ నొక్కి. రోలర్ల సందుల్లోంచి అవతలి కొసన గ్రీజు సన్నగా పైకొచ్చేదాకా అంతే. పైపైన పూస్తే లోపల ఎండే ఉంటుంది. అలాగని డ్రమ్ము నిండా కుక్కకూడదు, వేడికి కరిగి సీలు దాటి బ్రేకు షూల మీదికి వస్తుంది. లోపలి బేరింగ్, కొత్త సీలు, డ్రమ్ము, బయటి బేరింగ్, వాషరు, నట్టు. ఇదంతా చిటికెలో అయిపోయింది.

ఇప్పుడు అసలు పని. డ్రమ్ముని ఒక చేత్తో తిప్పుతూ నట్టు బిగిస్తున్నారు. తిరక్కుండా బిగిస్తే రోలర్లు సర్దుకోవు. చెయ్యి బరువెక్కేదాకా బిగించి, తర్వాత వెనక్కి వదిలారు. నట్టు కింద వాషరు అంచుకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి వేలితో తోశారు. కదల్లేదు. నట్టు ఇంకాస్త వదిలారు. వాషరు బద్ధకంగా పక్కకి జరిగింది.

"అంతే. స్క్రూడ్రైవర్‌ని మెలిపెట్టకూడదు, ఊరికే తొయ్యాలి."

"మాన్యువల్లో 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్ల దాకా ఉండాలన్నాడు నాన్నా," అంటూ కొడుకు డయల్ గేజ్ తగిలించాడు. డ్రమ్ముని లోపలికీ బయటికీ లాగితే ముల్లు 0.06 చూపించింది. పెద్దాయన ఆ గాజుబిళ్ళ వంక కొత్త కోడలిని చూసినట్టు చూసి, అలెన్ స్క్రూ బిగించి, "ఇప్పుడు చూడు" అన్నారు. 0.04. బిగించేటప్పుడు నట్టు కాస్త జరిగిందన్నమాట. హద్దులోనే ఉంది, అయినా ఆయనకి నచ్చలేదు. స్క్రూ వదిలి, నట్టుని కనీకనపడనంత వెనక్కి తిప్పి, మళ్ళీ బిగించారు. 0.07.

"చక్రం వేడెక్కితే ఇనుము సాగుతుంది బాబూ. ఈ ఖాళీ లేకపోతే ఆ సాగడం ఎక్కడికి పోతుంది?"

గ్రీజు కప్పు కొట్టి, కేబుల్ క్లిప్పు పెట్టి, చక్రం వేసి బండి దించారు. మీరు వెనక సీట్లో ఎక్కండి, కాళ్ళు ఇరుకే. హైవే మీద అరవైలో బండి గీత గీసినట్టు పోతోంది, స్పీడోమీటర్ ముల్లు కూడా లేచింది. పది మైళ్ళ తర్వాత ఒక పార్కింగ్‌లో ఆపారు. పెద్దాయన దిగి గ్రీజు కప్పు మీద చేతి వెనక వైపు ఆనించారు, తర్వాత అటు వెళ్ళి కుడి చక్రం దగ్గర కూడా ఆనించారు.

"ఎడమది కాస్త వెచ్చగా ఉంది. కొత్త సీలు రాసుకుంటోంది, పర్లేదు. నూరు మైళ్ళు తిరిగాక మళ్ళీ ఎత్తి చూడాలి. కుడిదాన్ని రేపు విప్పుదాం."

"కుడిది బాగానే ఉంది కదా నాన్నా?"

"ఆ గట్టిగా బిగించినవాడు ఒక్క చక్రంతో ఊరుకుని ఉంటాడా?"