అసురుడే హీరో

మన బిలాస్‌పూర్ సావనీర్లలో సంస్థ చరిత్ర అంటే రైల్వే గురించో, పండగ కమిటీల గురించో రాయడం ఆనవాయితీ. బెంగాల్–నాగపూర్ రైల్వే రోజుల నుంచీ వచ్చి స్థిరపడ్డవాళ్లం, తప్పదు. ఈసారి పిల్లల కోసం ఇంకో చరిత్ర రాస్తున్నాను. గోల్ బజార్‌లో పండగ బట్టలు కొంటున్నా వాళ్ల కళ్లు ఫోన్‌లో ఆట మీదే ఉంటాయి కదా!

హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో అని ఒకటుంది. జైనుద్దీన్ ఫహద్, మరి కొద్దిమంది కలిసి నడిపిన చిన్న వీడియో గేమ్‌ల సంస్థ. దాని విడుదలల చరిత్రలో ముందు చెప్పాల్సిన పేరు ‘అసుర’. 2017 మార్చిలో స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కంప్యూటర్ల కోసం విడుదలైంది. ఆ రోజుల్లో చిన్న స్టూడియోలు స్టీమ్‌లో అడుగుపెట్టాలంటే గ్రీన్‌లైట్ అనే ఓటింగు పద్ధతిలో ఆటగాళ్ల ఓట్లు తెచ్చుకోవాలి. అదే ఏడాది జూన్‌లో ఆ పద్ధతి పోయి, ఆటకు వంద డాలర్ల ఫీజు వచ్చింది.

ఆటను పైనుంచి చూస్తూ ఆడాలి. కత్తి పట్టిన అసురుడు గది తర్వాత గది నరుక్కుంటూ పోతాడు. చచ్చాడా, మళ్లీ మొదటికే. ఈసారి గదులు మారిపోయి ఉంటాయి. నేర్చుకునే విద్యల చెట్టు కూడా కొమ్మలు మార్చుకుంటుంది. కాబట్టి నిన్నటి ఎత్తు ఇవాళ పనికిరాదు. 1980 నాటి ‘రోగ్’ అనే ఆట నుంచి వచ్చిన ఈ పద్ధతి చేతిలో డబ్బు తక్కువున్న స్టూడియోకి బాగా కలిసొస్తుంది. ప్రతి గదినీ చేత్తో పేర్చక్కర్లేదు, ఆటగాడికి విసుగూ రాదు. అయితే ఏ అమరికలో ఆట మరీ తేలికవుతుందో, ఎక్కడ అసలు గెలవలేమో పరీక్షించి చూసుకోవడం మాత్రం పెద్ద చాకిరీ.

రాక్షసుణ్ని హీరో చేయడం బయటివాళ్లకు వింతేమో గానీ మనకు కాదు. ‘భూకైలాస్’లో, ‘సీతారామ కల్యాణం’లో ఎన్టీఆర్ రావణుడికి చప్పట్లు కొట్టినవాళ్లం.

విడుదలతో పని అయిపోలేదు. ఆట మరింత పెరిగి, ‘వెంజన్స్ ఎడిషన్’ అయింది. విడుదలయ్యాక కూడా ఇలా పెంచుకోగలగడం సినిమాకి లేని సౌకర్యం, కష్టమూ అదే.

పుణెలోని మరో స్టూడియో నోడింగ్ హెడ్స్ వాళ్ల ఆట ‘రాజీ’ దారి ఇంకా గతుకులది. 2017లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో చందాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా పట్టు వదల్లేదు. 2020 ఆగస్టులో నింటెండో స్విచ్‌కీ, అక్టోబరులో మిగతా యంత్రాలకీ విడుదల చేశారు. అందులో తమ్ముడి కోసం వెతికే అమ్మాయి హీరోయిన్. విలన్ మాత్రం మహాబలాసురుడు. పాపం, అసురుడికి పాత వేషమే మళ్లీ!