ఇంటి పేర వచ్చిన చీటీ

1956, మద్రాసు. ఒకటే గది. వంటా అందులోనే, పడకా అందులోనే. గోడవార చాప మీద కూర్చుని ఒక మనిషి దగ్గుతున్నాడు. దగ్గు ఆగాక నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డను మడిచి చాప కింద దాచేశాడు. అందులో నెత్తుటి చారలున్న సంగతి భార్యకు తెలుసు. తెలుసని అతనికీ తెలుసు.

ఈ మనిషికి పేరు పెట్టడం లేదు. ఆ ఏడు మద్రాసు ట్యుబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్ మొదలుపెట్టిన అధ్యయనంలో పాల్గొన్న 193 మందిలో అతను ఎవరైనా కావచ్చు. ఆ గదీ, వాళ్ల మాటలూ నేను ఊహించి రాసినవి. పరీక్షలు, మందులు, ఫలితాలు మాత్రం జరిగినవి జరిగినట్టే.

సెంటర్ నుంచి వచ్చిన నర్సు మూతున్న చిన్న సీసా అందించింది.

“లాలాజలం ఉమ్మితే లాభం లేదు నాయనా. గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి, తెమడ తియ్యాలి.”

ఆ తెమడే సాక్షి. ప్రయోగశాలలో దాన్ని గాజు పలక మీద పలుచగా పూసి ఆరబెడతారు. కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట చూపిస్తారు. తర్వాత ఆమ్లంతో కడుగుతారు. అన్నిటి రంగూ వదిలిపోతుంది, క్షయ క్రిమిది తప్ప. దాని ఒంటి మీద ఉన్న మైనంలాంటి పొర పట్టిన రంగును వదలదు. పైన నీలం రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నీలపు నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు ఒకటీ రెండూ విడివిడిగా, కొన్నిచోట్ల గుంపుగా కనిపిస్తాయి. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోహ్ లోకానికి చాటింది ఈ క్రిమినే.

అంతటితో వదిలిపెట్టరు. కోడిగుడ్డు సొనతో చేసిన ఆకుపచ్చటి మేత మీద అదే తెమడను చల్లి, వెచ్చగా ఉంచి, వారాల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. మీగడ రంగులో గరుకు పొక్కులు లేస్తే క్రిమి బతికి ఉన్నట్టు. ఏ మందుకు లొంగుతుందో కూడా అక్కడే తేలుస్తారు.

జబ్బు తేలింది. మరి మనిషిని ఎక్కడ ఉంచాలి? అప్పటికి లోకమంతా చెప్పే జవాబు ఒక్కటే: శానిటోరియం. మంచి గాలి, పాలూ గుడ్లూ, మంచం మీద విశ్రాంతి. కానీ దేశంలో రోగులు లక్షల్లో ఉంటే మంచాలు వేలల్లోనే ఉన్నాయి. ఐసోనియాజిడ్ అనే మాత్ర 1952లో వచ్చింది. ఆ మందు ఇంట్లోనే వేసుకుంటే సరిపోతుందా? ఇది తేల్చడానికే భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి ఈ సెంటర్ పెట్టాయి. దాన్ని నడిపినవారు డాక్టర్ వాలెస్ ఫాక్స్. సగంమందికి శానిటోరియం, సగంమందికి ఇల్లు. ఎవరు ఎటన్నది వైద్యుడి ఇష్టానికి వదల్లేదు, చీటీ తీసినట్టు నిర్ణయించారు.

మన మనిషికి ఇల్లు వచ్చింది. భార్య గుండె గుభేలుమంది.

“ఇంట్లో పసిబిడ్డ ఉంది నర్సమ్మా. ఈయన్ని మీ దగ్గరే ఉంచుకోండి, మీకు పుణ్యముంటుంది.”

“మందు మానకుండా వేసుకుంటే భయం లేదమ్మా. మానితేనే భయం.”

ఆ మందు వేసుకోవడం మాటలు కాదు. ఐసోనియాజిడ్‌తో పాటు పాస్ అనే మరో మందు రోజూ గ్రాముల లెక్కన మింగాలి. కడుపులో తిప్పుతుంది, నోరు చేదెక్కుతుంది. ఏడాదిపాటు ఒక్క పూటా తప్పకూడదు. అందుకే చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి మిగిలిన మందు లెక్కపెట్టేవారు, మూత్రం పట్టించేవారు. అందులో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే, పాస్ వేసుకున్నవాళ్లదైతే ఊదారంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూశాక నర్సమ్మ ముఖంలో వెలుగు ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

ఫలితాలు 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. ఏడాది తిరిగేసరికి శానిటోరియంలో 92 శాతం మందికి, ఇళ్లలో 86 శాతం మందికి జబ్బు అణిగింది. ఇళ్లలో ఉన్నవాళ్లు తిన్నది శానిటోరియం భోజనం ముందు ఏపాటి! పనిపాటలూ మానలేదు. అయినా అంత స్వల్ప తేడా.

ఇంతకన్నా పెద్ద మాట ఆ ఇంటి పిల్లల గురించి. మందు వేసుకుంటూ ఇంట్లో ఉన్నవాళ్ల కుటుంబాల్లో, రోగిని దూరంగా పంపేసిన కుటుంబాల కంటే క్షయ ఎక్కువ రాలేదు. సోకాల్సింది జబ్బు బయటపడకముందే, దగ్గి దగ్గి తిరిగిన ఆ నెలల్లోనే సోకింది. మందు మొదలయ్యాక మనిషి వల్ల ప్రమాదం వేగంగా తగ్గిపోతుంది. ఆ తల్లి భయానికి దొరికిన జవాబు ఇదే.

ఈ జవాబు వచ్చి అరవై ఏళ్లు దాటింది. అయినా టీబీ అని తెలిసిన రోజునే కోడలిని పుట్టింటికి పంపేసే ఇళ్లు, తండ్రికి వేరే కంచం పెట్టే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కంచం వేరు చేస్తే క్షయ ఆగదు. అది కంచంలో లేదు, గాలిలో ఉంది. వెలివేతకు భయపడి దగ్గును దాచిన ప్రతి నెలా క్రిమికే లాభం.

మద్రాసు సెంటర్ ఇవాళ చెన్నై చేట్‌పట్‌లో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పనిచేస్తోంది. వారాలు పట్టిన పని ఇప్పుడు జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రం సుమారు రెండు గంటల్లో చేస్తోంది. క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే మందుకు లొంగుతుందో లేదో ఒకేసారి చెప్తుంది. మామూలు క్షయకు మందు ఆరు నెలలే. రోగి ఇంట్లోవాళ్లకు జబ్బు రాకుండా ముందుజాగ్రత్త మందూ ఉంది. పరీక్ష, మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మందు వాడినన్నాళ్లూ తిండికని నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తారు.

మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే, రేపు పొద్దున్నే తెమడ పరీక్షకు తీసుకెళ్లండి. జబ్బు తేలితే, ఆ మనిషిని ఇంట్లోనే ఉంచుకుని మందు మీ చేత్తో ఇవ్వండి.