డ్రిల్లు మాస్టరు చదువు

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల నిర్మాణమును గూర్చి, ఆస్పత్రులను గూర్చి, పాఠశాలలను గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. అవన్నియు మనము కృతజ్ఞతతో చదువవలసినవే. మేము మాత్రము ఎవరును అంతగా తలచుకొనని ఒక ఉద్యోగిని గూర్చి, ఆయన చదివిన చదువును గూర్చి వ్రాయదలచినాము. ఆయన మన పాఠశాలలోని డ్రిల్లు మాస్టరు.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మేము పరిచర్యలో ప్రవేశించిన తొలి దినములలో, ఒక పల్లె సంఘములో ఉండగా, ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చినాడు. కుమారుడు డిగ్రీ పూర్తిచేసి, వ్యాయామ విద్యా కళాశాలలో చేరుటకు మా యొద్ద ప్రవర్తన పత్రము కోరినాడు. తండ్రికి అది ఇష్టము లేదు.

“డిగ్రీ చదివించింది గంతులు వేయటానికా అయ్యగారూ? మీరన్నా చెప్పండి వాడికి” అని ఆ తండ్రి వాపోయినాడు.

మేము ఆ యౌవనస్థుని వైపు తిరిగి, “బి.ఇడి. చేయరాదా బాబూ? నలుగురిలో గౌరవముంటుంది కదా” అన్నాము.

“బి.ఇడి. అయినవాళ్లు మన పేటలోనే ఆరుగురున్నారండి అయ్యగారూ. పిల్లలకు ఆట నేర్పేవాడు ఒక్కడూ లేడు” అని అతడు తల వంచుకొని చెప్పినాడు.

పత్రము ఇచ్చినాము గాని మనసారా ఇవ్వలేదు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయములో శరీర సాధకమును గూర్చి అపొస్తలుడు చెప్పిన మాటను కూడ ఆ దినమున అతనికి గుర్తుచేసినాము. పౌలు దానివలన ప్రయోజనము కొంచెమే యన్నాడు గాని, బొత్తిగా లేదనలేదు. ఆ కొంచెమును మేము సున్నాగా చదివినాము. తరువాత వేదాంత కళాశాలలో దాచుకొనిన పాత పుస్తకములను తిరిగి తెరచి, ఈ చదువు ఎక్కడ పుట్టినదో వెదకగా, అది చాలవరకు మన ఇంటి గడప దగ్గరనే కనబడినది.

1844లో లండను నగరములో జార్జి విలియమ్స్ అను బట్టల దుకాణపు ఉద్యోగి కొందరు స్నేహితులతో కలిసి వై.ఎం.సి.ఎ.ను ప్రారంభించినాడు. పల్లెలు విడిచి పట్టణమునకు పనికి వచ్చిన యౌవనస్థుల క్షేమమే వారి ఉద్దేశము. అది అమెరికాకు వ్యాపించిన పిమ్మట, మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున 1885లో శిక్షణాలయము ఏర్పడినది. అక్కడ లూథర్ గులిక్ అను వైద్యుడు మనస్సు, శరీరము, ఆత్మ అను మూడింటిని ఒక త్రిభుజముగా చూపినాడు. ఒక భుజము తీసివేసినయెడల త్రిభుజమే ఉండదని ఆయన బోధయొక్క సారాంశము.

ఆ శిక్షణాలయమునకు 1890లో జేమ్స్ నైస్మిత్ అను కెనడా దేశస్థుడు వచ్చినాడు. ఈయన మాంట్రియల్‌లోని ప్రెస్బిటేరియన్ కళాశాలలో వేదాంత విద్య ముగించినవాడు. బాల్యముననే తల్లిదండ్రులను పోగొట్టుకొనినవాడు. వేదాంత విద్యార్థియై యుండి రగ్బీ ఆడుచుండుట చూచి తోటి విద్యార్థులు తన ఆత్మ కొరకు ప్రార్థించిరని ఆయనయే తరువాత చెప్పుకొనినాడు. మా ప్రవర్తన పత్రమువంటి ప్రార్థనయే అది! 1891 డిసెంబరులో, చలికి బయట ఆడలేక విసిగియున్న 18 మంది విద్యార్థుల కొరకు ఆయన ఒక క్రొత్త ఆటను కనిపెట్టినాడు. పీచు పండ్ల బుట్టలు రెండు బాల్కనీకి ఎత్తుగా కొట్టించి, పక్షమునకు తొమ్మిదిమంది చొప్పున ఆడించినాడు. పదమూడు నియమములు వ్రాసినాడు. బంతి పట్టుకొని పరుగెత్తరాదు, ఎదుటివానిని త్రోయరాదు. ఎదుటివానికి దెబ్బ తగులకుండ ఆట ఆడవచ్చుననుటయే ఆ నియమముల సారము. అదే బాస్కెట్‌బాల్. నాలుగేండ్లకు, 1895లో, దగ్గరనున్న హోలియోక్ వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గన్ వాలీబాల్‌ను ఏర్పరచినాడు. మన పల్లెలలో సాయంకాలము రెండు గుంజలు పాతి వల కట్టి ఆడు ఆట అట్లు పుట్టినది.

మన దేశమునకు ఈ చదువు ఎట్లు వచ్చినది? అంతకుముందు మన పాఠశాలలలో డ్రిల్లు అనగా, చాలచోట్ల, సైన్యమునుండి విరమించిన హవల్దారు ఈల ఊది “లెఫ్ట్, రైట్” అనిపించుటయే. మరియొక వైపున తాలింఖానాలలో దండెములు, బస్కీలు, గదలు, కుస్తీలు ఎప్పటినుండియో యుండెను. ఈ రెండింటి నడుమ నిలిచిన మన తెలుగువాడు ఒకడున్నాడు. వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు మద్రాసు సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరములో తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామ శిక్షకుడుగా పనిచేసినారు. సర్కసు ద్వారా ఆయనకు దేశదేశములలో పేరు వచ్చినది. అయినను మొదట ఆయన డ్రిల్లు మాస్టరే.

1919లో హేరీ క్రో బక్ దొరగారు స్ప్రింగ్‌ఫీల్డ్ శిక్షణతో మద్రాసు వచ్చినారు. 1920లో వై.ఎం.సి.ఎ. పక్షమున వ్యాయామ విద్యా పాఠశాలను ప్రారంభించినారు. ఆసియా ఖండములో ఇట్టి కళాశాలలలో మొదటిదిగా అది ఎన్నబడుచున్నది. తరువాత అది నందనములో అడయారు నది ఒడ్డున విశాలమైన స్థలములో స్థిరపడినది. 1924లో పారిస్ ఒలింపిక్ పోటీలకు వెళ్లిన భారత జట్టును నడిపించిన బాధ్యతయు బక్ దొరగారిదే. ఆయన పాశ్చాత్య ఆటలను మాత్రమే నేర్పక, మన దేశపు ఆటలకును కళాశాలలో స్థానమిచ్చినారు. ఆయన పేరుతోనున్న ఆటల నియమముల పుస్తకము తరతరముల వ్యాయామోపాధ్యాయుల చేతి పుస్తకమైనది. 1943లో ఆయన ఈ దేశముననే కన్నుమూసినారు. ఆ దినములలో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే గనుక, ఆ కళాశాల మన తెలుగువారి కళాశాలయు అయినది.

ఇచ్చట మన సంఘ చరిత్రకు సంబంధించిన ఒక సంగతి మరువరాదు. 1912లో దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకింపబడిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు అంతకుముందు 1895 మొదలు 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగినవారు. యౌవనస్థుల నడుమ పనిచేయుట ఎట్లో ఆయన అక్కడ నేర్చుకొని మన తెలుగు గ్రామములకు వచ్చినారు.

చరిత్ర వ్రాయునప్పుడు మన లోపమును దాచరాదు. మిషను పాఠశాలలలో ఆటలు అన్నిచోట్ల ప్రేమతోనే నేర్పబడలేదు. శ్రీనగరములో టిండేల్ బిస్కో దొరగారు 1891లో ఫుట్‌బాల్ తెచ్చినప్పుడు, తోలు బంతిని తాకుట అపవిత్రమని పిల్లలు నిరాకరించగా, వారిని బలవంతముగా ఆడించినారు. మన దేశస్థులు బలహీనులు, వారిని మనము మనుష్యులనుగా చేయవలెనను గర్వము ఆ కాలపు దొరలలో కొందరికి ఉండెను. మన దేశములోనే వ్యాయామమును శాస్త్రముగా పెంచినవారును కలరు. 1914లో అమరావతిలో స్థాపింపబడిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు 1936లో బెర్లిన్ నగరమునకు వెళ్లి కబడ్డీని ప్రపంచమునకు చూపినారు. కావున ఈ చదువు ఒక్క మిషనరీల దానమని చెప్పుట సత్యము కాదు. రెండు ఏరులు కలిసి ఒక కాలువయైనది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ప్రభుత్వము ఈ చదువును తన చేతిలోనికి తీసికొనినది. 1957లో గ్వాలియరులో లక్ష్మీబాయి కళాశాల తెరువబడి, మూడేండ్ల డిగ్రీ ప్రారంభమైనది. దానికి మొదటి ప్రిన్సిపాలు, అంతకుముందు బొంబాయి కాందివలి శిక్షణాలయమును నడిపిన పి.యం. జోసెఫ్‌గారు. 1961లో పాటియాలాలో శిక్షకుల కొరకు జాతీయ క్రీడా సంస్థ ఏర్పడినది. మన హైదరాబాదులో దోమలగూడ ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఎందరినో తయారుచేసినది. ఆ నగరములోనే ఉపాధ్యాయుడుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు భారత ఫుట్‌బాల్ జట్టును 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకమునకును నడిపించినారు. ఒక బడిపంతులు చేయగలిగిన పని అది.

ఇంతకును ఆ కళాశాలలో ఏమి నేర్పుదురు? గంతులు మాత్రమే కాదు. ఎముకలు, కండరములు, గుండె, ఊపిరి పనిచేయు విధము. దెబ్బ తగిలినప్పుడు మొదట చేయవలసిన చికిత్స. పిల్లల వయస్సునుబట్టి వ్యాయామపు మోతాదు. పాఠము చెప్పు పద్ధతి. మైదానము కొలిచి సున్నముతో గీతలు వేయుట. పక్షపాతము లేక తీర్పు చెప్పుట, ఇవన్నియు పాఠములే. ఒకప్పుడు ఒక సంవత్సరముండిన బి.పి.ఎడ్. చదువు 2015 నుండి రెండు సంవత్సరములైనది.

ఇప్పుడు దీనికి తోడు క్రీడా నిర్వహణ అను చదువు వచ్చినది. ఆట ఆడుట ఒకటి, ఆట జరిపించుట మరియొకటి. అమెరికాలో బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ 1957లో జేమ్స్ మేసన్ అను ఆచార్యునికి ఉత్తరము వ్రాసి, క్రీడా సంస్థలను నడుపుటకు శిక్షణ పొందినవారు ఎక్కడ దొరుకుదురని అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబుగా 1966లో ఒహాయో విశ్వవిద్యాలయములో ఈ చదువు మొదలైనది. నేడు మన దేశములోను కొన్ని సంస్థలు దీనిని నేర్పుచున్నవి.

ఇది దూరపు సంగతి అనుకొనవద్దు. మన యౌవనస్థుల ఆటల పోటీలకు 16 జట్లు వచ్చినవనుకొందము. ఓడినవారు వెళ్లిపోవు పద్ధతియైతే 15 ఆటలతో ముగియును. ప్రతి జట్టు ప్రతి జట్టుతో ఆడవలెనన్నచో 120 ఆటలు కావలెను. ఈ లెక్క తెలియక, ఉన్నది ఒక్క మైదానము, దినములు రెండు అని చూచుకొనక, నడివేసవి మధ్యాహ్నము పిల్లలను ఎండలో నిలువబెట్టి, వచ్చిన ఖర్చుకు లెక్క చెప్పలేక మేమే ఒకసారి తిప్పలు పడినాము. నీళ్ల కుండలు ఎక్కడ పెట్టవలెను, నర్సమ్మను ఎక్కడ కూర్చుండబెట్టవలెను అని ముందుగా తలచుటయే క్రీడా నిర్వహణ.

ఈ సంచిక అచ్చుకు వెళ్లుచుండగా మా ప్రస్తుత సంఘములోని ఒక కుమార్తె క్రీడా నిర్వహణ చదువుటకు పోదలచి మా యొద్దకు వచ్చినది. ఆమె తల్లి, “ఆడపిల్లకు మైదానాల్లో పనేమిటండీ?” అని అడుగుచున్నది. శ్రీకాకుళం జిల్లా పల్లెనుండి వచ్చిన కరణం మల్లీశ్వరిగారు 2000లో సిడ్నీలో కాంస్య పతకము పొంది, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత స్త్రీ అయినారు. 2021లో ఆమె ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు మొదటి వైస్ ఛాన్సలరుగా నియమింపబడినారు. ఈ సంగతిని ఆ తల్లికి చెప్పినాము.

అయితే కళ్లు మూసికొని పొమ్మని మేము చెప్పము. ప్రభుత్వ పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయుల ఖాళీలు ఎప్పుడు నింపుదురో చెప్పలేము. ప్రైవేటు పాఠశాలలలో జీతము తక్కువ. డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల మాస్టరుకు ఇచ్చివేయు అలవాటు పోలేదు. కావున తల్లిదండ్రులు రుసుము కట్టకముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. వ్యాయామోపాధ్యాయ చదువైతే దానికి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉన్నదా? క్రీడా నిర్వహణయైతే పట్టా ఇచ్చునది గుర్తింపుగల విశ్వవిద్యాలయమేనా? అక్కడ నిజమైన పోటీలలో పనిచేసి నేర్చుకొను అవకాశమున్నదా? గోడమీది రంగుల చిత్రములు చూచి అప్పు చేయరాదు.

మొదట చెప్పిన ఆ యౌవనస్థుడు ఇప్పుడు ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు. క్రిందటి యేడు మేము ఆ వైపు వెళ్లినప్పుడు సాయంకాలము ఐదు గంటలైనది. పాఠశాల విడిచిపెట్టినను నలుబదిమంది పిల్లలు మైదానములో ఉన్నారు. ఒక ప్రక్కన అతని తండ్రి, వృద్ధాప్యమువలన కఱ్ఱ ఆనుకొని, గీతలకు సున్నపు బకెట్టు కాపలా కాయుచున్నాడు.

“ఏం పెద్దాయనా, గంతులు చూడవచ్చినావా?” అన్నాము.

“ఈ పిల్లలు సారాకొట్టు వైపు పోకుండా ఉన్నారంటే ఈ గంతులేనండి అయ్యగారూ” అని ఆయన జవాబిచ్చినాడు.

మేము మరేమియు పలుకలేదు. ఈసారి ఆ కుమార్తెకు ప్రవర్తన పత్రము వ్రాయునప్పుడు మా చేయి తడబడలేదు. రానున్న నూరేండ్లలో మన సంఘములు కట్టబోవు ప్రతి ప్రార్థన మందిరము ప్రక్కన, ఎంత చిన్నదైనను, పిల్లలు ఆడుకొను చదునైన నేల కొంచెము విడిచిపెట్టవలెనని సంఘపెద్దలను వినయముతో వేడుకొనుచున్నాము.